స్టాకు రిజిస్టరెక్కిన మోకాలు

మా ఆఫీసు పేరు రాష్ట్ర సంధి పరిశోధనా సంస్థ. ఆ బోర్డు చూసి ఏటా ఇద్దరు ముగ్గురు వ్యాకరణ పండితులు లోపలికి వచ్చేస్తుంటారు. వారిని కూర్చోబెట్టి, "అయ్యా, ఇది మోకాలి సంధి. ఇందులో గుణసంధి కోసం వెతుకుతూనే ఉన్నాం, గుణం మాత్రం ఇంతవరకు కనిపించలేదు" అని చెప్పి, మంచినీళ్లిచ్చి పంపడం నా విధుల్లో ఒకటి. అసలు విధి స్టోర్సు. బల్లలు, కుర్చీలు, ఫ్యాన్లు, సూక్ష్మదర్శినులు, ఏది కొన్నా తెల్లరంగుతో దానిమీద అంకె వేసి, స్టాకు రిజిస్టరులో ఎక్కించి, ఏటా మార్చిలో లెక్క చూపించాలి. అంకె లేని వస్తువు మా సంస్థలో లేనట్టే. అంకె ఉంటే, విరిగి ముక్కలైనా సరే, ఉన్నట్టే.

పోయిన వేసవిలో మా డైరెక్టరు డాక్టర్ హయగ్రీవంగారికి ఎనిమిదో నంబరు గుజ్జు మంజూరైంది. మోకాలి కీలులో గుజ్జు అరిగిపోయినవాళ్లకు సూదితో ఎక్కించే కొత్తరకం గుజ్జు అది. అది పనిచేస్తుందో లేదో నూటపన్నెండు మంది మీద పరీక్షించి చెప్పాలి. సగం మందికి మందు, మిగతా సగం మందికి ఉప్పునీళ్లు. ఏది ఇస్తున్నామో ఇచ్చేవాళ్లకీ తెలియదు, ఏది వచ్చిందో పుచ్చుకునేవాళ్లకీ తెలియదు. మా సంస్థలో ఏ పనైనా ఇలాగే జరుగుతుంది గనక ఈ పద్ధతి మాకెవరికీ కొత్తనిపించలేదు.

పరీక్షకు చినతాటిలంక అనే ఊరిని ఎంచుకున్నారు. గోదావరి పాయకి ఆనుకుని ఉంటుంది. ఆ ఊళ్లో ఆడవాళ్లందరిదీ పూతరేకుల పని. పొద్దున్నే పొట్టి పీటల మీద కూర్చుని, బోర్లించిన వేడి కుండ మీద బియ్యప్పిండి జావ తడిపిన గుడ్డతో ఒక్క దెబ్బ వేసి, ఉల్లిపొర లాంటి రేకు ఊడదీస్తారు. అలా ముప్పై నలభై ఏళ్లు కూర్చుంటే రేకులు నాజూకవుతాయి, మోకాళ్లు మోటవుతాయి. అందువల్ల పరిశోధనకి అది పుణ్యక్షేత్రం.

ముందుగా నొప్పి ఎంతుందో కొలవాలి. ఆ పని గణాంకాధికారిణి నిరుపమగారిది. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ప్రాణం పోతోంది. మధ్యలో ఏదో ఒక అంకె చెప్పమనాలి. ఊరి మాట తెలిసినవాణ్ణని నన్ను కూడా తీసుకెళ్లారు. మొదటి మనిషి బుల్లెమ్మాయి. పేరుకి బుల్లి, ప్రాయానికి యాభై దాటింది.

"అమ్మా, మీ నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తారు?" అన్నారు నిరుపమ.

"మార్కులెందుకండీ, నేనేమన్నా పరీక్ష రాసానా?"

"ఎంతుందో చెప్పండి చాలు."

"మా తోటికోడలికున్నంత లేదండి."

"అది కాదమ్మా. పదిలో ఎంత?"

"ఆవిడకన్నా తక్కువండి, మా పిన్నత్తగారికన్నా ఎక్కువండి. ఇంక ఇంతకన్నా ఇడమరిసి ఎలా సెప్తారండీ ఎవరైనా? ఆయ్!"

నూటపన్నెండు మందిలో ఒక్కరు అంకె చెబితే ఒట్టు. ఒకామెకు వియ్యపురాలికన్నా ఎక్కువ. ఇంకొకామెకు ఎదురింటావిడతో సమానం, ఎదురింటావిడ మాత్రం ఒప్పుకోదు. నిరుపమ అంటే సాటిలేనిదని అర్థం. ఆవిడ వారం రోజులపాటు సాటి చెప్పిన మాటలే రాసుకున్నారు. ఎనిమిదో రోజున ఎవరు ఎవరితో పోల్చారో బాణాలు గీసి చూస్తే, ఊళ్లోని బాణాలన్నీ మలుపులు తిరిగి తిరిగి ఒకే ఇంట్లో గుచ్చుకున్నాయి. ఆ ఇల్లు బుల్లెమ్మాయి తోటికోడలు కొప్పిశెట్టి వరహాలమ్మది.

వరహాలమ్మకు యాభైఎనిమిదేళ్లు. పదహారో ఏట కాపరానికి వచ్చిన మర్నాడే కుండ ముందు కూర్చుంది. అలాంటిది ఎనిమిది నెలలుగా కూర్చోలేదు. పరీక్షలో చేరతానని తనంతట తానే చేతికర్ర పొడుచుకుంటూ మా శిబిరానికి వచ్చింది.

"కూకుంటే లెగలేను, లెగిస్తే కూకోలేను. నా పీట మీద మా బుల్లెమ్మాయి కూకుంటాందండి ఇప్పుడు. ఆవిడ తీసే రేకు సూసారా? రేకా అది? అప్పడం! ఆ సూదేదో పొడిసేసి నన్ను మళ్లీ కుండ ముందు కూకోబెట్టండి బాబూ. ఇంకేం అడగను" అంది.

"మీ నొప్పి ఎవరికన్నా ఎక్కువమ్మా?" అన్నారు నిరుపమ, అలవాటైపోయి.

"నాకన్నా ఎవరికుందండీ?" అంది వరహాలమ్మ.

శిబిరం చూడ్డానికి వచ్చి కూర్చున్న హయగ్రీవంగారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేచారంటే సకిలించినట్టే ఉంటుంది. "లభించినది! తూకమునకు రాయి ఉన్నది. కొలతకు కడ్డీ ఉన్నది. నొప్పికి మాత్రమే ప్రామాణికము లేక మానవజాతి ఇన్నాళ్లు మూలుగుచున్నది. నేటి నుంచి ఈమె కుడి మోకాలి నొప్పి ఒక వరహాగా నిర్ణయింపబడినది!"

పాతకాలపు లెక్కలో వరహాలో సగం మాడ గనక, సగం నొప్పికి మాడ అని పేరు పెట్టాం. ఇక కొలవడం సులువైపోయింది. వారానికోసారి ఊళ్లోవాళ్లను ఆటోల్లో మా సంస్థకు తెచ్చి వరహాలమ్మకు ఎదురుగా కూర్చోబెట్టేవాళ్లం. ఆవిడ మూడు మెట్లు ఎక్కి మూలిగేది. తర్వాత వాళ్లూ ఎక్కి మూలిగేవారు. రెండు మూలుగులనూ పోల్చుకుని ముప్పాతిక వరహా, వరహా మీద వీసం అని వాళ్లే ఠకీమని చెప్పేవారు.

చిక్కల్లా వరహాలమ్మను కాగితాల్లో ఏమని చూపించాలన్నదే. దానికోసం కీలక సమావేశం జరిగింది. కీళ్ల సంస్థలో ప్రతి సమావేశమూ కీలకమే.

"పరీక్షలో చేరిన రోగిగా చూపిద్దామా?" అన్నారు హయగ్రీవంగారు.

"కుదరదు సార్. రోగి కారణం చెప్పకుండా ఎప్పుడైనా మానేసి వెళ్లిపోవచ్చని నిబంధన ఉంది. కొలబద్ద లేచి వెళ్లిపోతే ఎలా?" అన్నారు నిరుపమ.

"ఉద్యోగినిగా?"

"మోకాలికి పోస్టు మంజూరు లేదు సార్."

"సందర్శకురాలిగా?"

"సందర్శకులు అయిదింటికల్లా గేటు దాటాలి. కొలమానం రేపు మళ్లీ వస్తుందన్న హామీ లేదు."

హయగ్రీవంగారు నావైపు తిరిగారు. "సంస్థలో కొలతకు ఉపయోగపడు ప్రతి వస్తువును ఏమందురు?"

"పరికరం అంటామండి."

"అటులనే కానిండు."

నేను రిజిస్టరు తెరిచి రాశాను. 'మోకాలు, కుడి, ప్రామాణికము. సంఖ్య: ఒకటి. స్థితి: బాధాకరము.' ఆయన కింద సంతకం చేశారు. అంకె ఎక్కడ వేయాలన్నది నా తలనొప్పి. ఆడమనిషి మోకాలి మీద తెల్లరంగు పూయలేక చెప్పు మీద వేశాను. పొరపాటున ఎడమ చెప్పు మీద పడింది. కుడి పరికరానికి ఎడమ అంకె వేసినందుకు సంజాయిషీ కోరుతూ మర్నాడే నాకొక మెమో వచ్చింది.

వరహాలమ్మకు కింది అంతస్తులో గది ఇచ్చారు. పొద్దున జీపులో తేవడం, సాయంత్రం దింపడం. జీపు చూసి బుల్లెమ్మాయి గొడవ పెట్టింది. "ఆవిడ మోకాలికి జీపు, నా మోకాలికి ఆటోనా? నలుగురితో పోలిస్తే నాదేం తీసిపోయిందండీ?"

గదిలో నిబంధనలు గోడకు అంటించారు. పరికరానికి ఆముదం రాయరాదు. వావిలాకు కాపడం పెట్టరాదు. పరికరం రోజుకు నాలుగువందల అడుగులకు మించి నడవరాదు, తగ్గి నడవరాదు. ఒక మంగళవారం ఆవిడ కోడలు కొబ్బరినూనె రాసిందని తెలిసి, ప్రామాణికమును కల్తీ చేసినందుకు ఆ పిల్లకి నోటీసు వెళ్లింది.

వరహాలమ్మ మొదటి పది రోజులు ఓపిక పట్టింది. పదకొండో రోజున డైరెక్టరుగారు గదికి రాగానే అడిగేసింది.

"నా గుజ్జెప్పుడు పొడుత్తారండీ?"

"మీకు చికిత్స నిషిద్ధమమ్మా. మీ నొప్పి తగ్గినచో వరహా తగ్గును. వరహా తగ్గినచో పరిశోధన యావత్తు కూలును."

"మరి నా కుండ?"

"శాస్త్రము కొరకు త్యాగము తప్పదు. అసలు మీ నొప్పి ఇప్పుడు మీ సొంతము కాదు. ప్రభుత్వ ఆస్తి."

"అలాగైతే మీరే పడండి బాబూ. నాకెందుకిచ్చారు?" అంది వరహాలమ్మ.

చిప్ప అరిగిందని వచ్చిన మనిషికి చేతికి చిప్ప ఇచ్చారనిపించి, నా మనసు ఒప్పక సంస్థలోని నైతిక విలువల కమిటీకి అర్జీ రాసిపెట్టాను. వరహాలమ్మ వేలిముద్ర వేసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. 'మా పరిధి మనుషులు, ఎలుకలు, కుందేళ్ల వరకు మాత్రమే. పరికరముల బాధలు స్టోర్సు విభాగమువారు చూచుకొనవలెను.' అంటే తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది.

ఈలోగా కొలమానం ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలని ఎవరో చెప్పగా, హయగ్రీవంగారు ఆ గదికి ఏసీ పెట్టించారు. పద్దెనిమిది డిగ్రీలు. ఆ చలికి వరహాలమ్మ మోకాలు బిగుసుకుపోయింది. మూడు మెట్లెక్కి ఆవిడ పెట్టిన మూలుగుకి గేటు దగ్గర కాపలాదారు ఉలిక్కిపడి లేచాడు. ఎండలోంచి వెచ్చటి మోకాళ్లతో వచ్చిన ఊరివాళ్లు ఆ మూలుగు విని, "అమ్మో, ఈవిడతో పోలిత్తే మాది సగం కూడా లేదండి" అన్నారు.

నిరుపమగారు లెక్కలు తీశారు. నూటపన్నెండు మందికీ నొప్పి వరహా నుంచి మాడకి పడిపోయింది.

"అద్భుతము! మొదటి విడతలోనే సగానికి సగము!" అని హయగ్రీవంగారు చప్పట్లు కొట్టారు.

"సార్, సూదులు ఇంకా మొదలుపెట్టలేదు" అన్నారు నిరుపమ.

"మొదలుపెట్టకముందే ఇంత గుణమున్నదంటే, పెట్టిన తరువాత ఎంతుండునో ఊహింపుము!"

ఆ సాయంత్రమే విలేకరులకు కబురెళ్లింది. మర్నాడు ఏసీని పదహారుకు దించారు. ఆ వారంలో నొప్పి పావు వరహాకి పడింది. వరహాలమ్మను పై అంతస్తుకు మారిస్తే ఇంకెంత తగ్గుతుందో అని ఆలోచన కూడా సాగింది. గుజ్జు సీసాలు మూత తీయకుండా నా స్టోర్సులోనే ఉన్నాయి. అడుగు వేయలేని మనిషిని 'కొంచెం నడవండమ్మా' అని అడిగేవాళ్లే గాని, అడుగు ఎందుకు పడడం లేదని అడిగేవాళ్లు లేరు. వరహాలమ్మ మనిషి సన్నబడింది. జీపు ఎక్కించడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చేది. "గుమస్తాగారూ, ఇంక కుండ మాట దేవుడెరుగు. గుమ్మం దాటగలనా నేను?" అంది ఒకరోజు.

సరిగ్గా అప్పుడే ఏసీ ఆగిపోయింది.

ఆగిన పూట వరహాలమ్మకు కాస్త హాయి చిక్కింది. ఆవిడకు హాయి కాగానే ఊరంతటికీ నొప్పి రెట్టింపైనట్టు లెక్క తేలింది. హయగ్రీవంగారి కేకలు విని నేను పసుపుపచ్చ ఫారం నింపాను. మా సంస్థలో ఏ పరికరం చెడినా ఆ ఫారమే. తెల్లారేసరికి మెకానిక్కు సంచీ తగిలించుకుని వచ్చేశాడు. వరహాలమ్మ కుర్చీలో కూర్చుని అతను ఏసీ విప్పడం, బిగించడం చూసింది.

"ఈ అబ్బాయిని ఎవరు పిలిసారండీ?"

"నేనేనండి. ఫారం రాశాను."

"ఏం రాసారేటి?"

చదివి వినిపించాను. "'పని చేయుట లేదు. పని చేసినప్పుడు శబ్దము వచ్చుచున్నది. పట్టేసినట్లున్నది.'"

ఆవిడ కాసేపు తన మోకాలి వైపు చూసుకుంది. "దానికి నొప్పొత్తే రాత్తిరి తెల్లారేలోగా మనిషొచ్చాడు. ఆ డబ్బా మీదున్న తెల్ల అంకెలాంటిదే నా సెప్పు మీదా ఉందిగా. నేనూ మీ సామానేగా గుమస్తాగారూ? నాకూ ఒకటి రాసెయ్యండి."

ఇరవైఆరేళ్ల సర్వీసులో ఇంత చక్కని ఆలోచన నాకెవరూ ఇవ్వలేదు. వెంటనే ఇంకో పసుపు ఫారం తీసి ఆ మూడు వాక్యాలే, ఒక్క అక్షరం మార్చకుండా దించేశాను. వెనకవైపు నియమాలు అచ్చులోనే ఉంటాయి. పదిహేను రోజుల్లో మరమ్మతు జరగాలి. జరగకపోతే రిజిస్టరులో సంతకం చేసిన అధికారి స్వయంగా ఆడిట్‌వారికి సంజాయిషీ ఇవ్వాలి. అసలైన విడిభాగాలే వాడాలి, నకిలీవి వాడితే క్రమశిక్షణ చర్య.

హయగ్రీవంగారు ఫారం చూసి అదిరిపడ్డారు. "ఇది మోకాలయ్యా!"

"రిజిస్టరు ప్రకారం పరికరమండి. సంతకం తమదే."

"రిజిస్టరు నుండి కొట్టివేయుము!"

"కొట్టెయ్యాలంటే కండెమ్ కమిటీ కూర్చోవాలండి. కూర్చున్నాక వాళ్లడిగే మొదటి ప్రశ్న, మరమ్మతు ప్రయత్నించారా అని."

"పోనీ, ఈమెకు కూడా గుజ్జో ఉప్పునీరో, ఏదో ఒకటి సూదిలో..."

"ఉప్పునీళ్లు నకిలీ విడిభాగం కిందికొస్తాయి సార్" అన్నారు నిరుపమ, ఫారం తిరగేసి చదువుతూ. "రోగి అయితే ఇవ్వొచ్చు. పరికరానికి వీల్లేదు."

ఫారం వెనక ఆడిట్ అనే మాట కనిపించగానే హయగ్రీవంగారు సంతకం పెట్టేసి ఒక మూలుగు మూలిగారు. వరహాలో ఎంత వంతో ఎవరూ కొలవలేదు. పదమూడో రోజున పక్కనున్న పెద్దాసుపత్రి నుంచి ఎముకల డాక్టరు వచ్చారు. ఆయన మోకాలిని వంచి, చాచి, ఎక్స్‌రే ఫొటో తీయించి చూశారు.

"ఇందులో గుజ్జు ఎక్కించడానికి చోటెక్కడుందండీ? ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. ఇన్నాళ్లూ ఈవిణ్ణి ఏం చేస్తున్నారు?"

"కొలుచుచున్నామండీ" అన్నారు హయగ్రీవంగారు.

డాక్టరు ఆయన్ని ఒక్క చూపు చూసి, ఫారంలో మెకానిక్కు రాయాల్సిన గడిలో, 'భాగము పూర్తిగా అరిగినది. మార్చవలెను' అని రాసేశారు. మరమ్మతు కానిది మార్చాలని నియమం కూడా వెనకే ఉంది. ఆ వారమే ఆపరేషను జరిగింది. మోకాలి కీలు మార్చారు, అసలైనదే వేశారు. దాని డబ్బా మీది చీటీని నేను భద్రంగా ఫైలుకి గుచ్చాను. తర్వాత రెండు నెలలు ఒక అమ్మాయి వచ్చి తొడ కండరాలకు కసరత్తులు చేయించింది. ఫారంలో దానికి 'ఆయిలింగ్, సర్వీసింగ్' అన్న గడి ఉంది.

ఒక్కటే అడ్డం మిగిలింది. కొత్త కీలుతో నేల మీద కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. అది వినేసరికి వరహాలమ్మ మొహం మాడిపోయింది. "నేల మీద కూకోకపోతే కుండ ఎలా అందుద్దండీ? మరి ఇదంతా ఎందుకు సేసారు?" అని కొత్త మోకాలి మీద చెయ్యి వేసుకుని ఏడ్చింది.

నేను ఫారం మళ్లీ తిరగేశాను. అడుగున 'పరికరము నెలకొల్పు స్థలము అనుకూలముగా లేనిచో తగు వేదిక నిర్మింపవలెను' అని ఉంది. మేస్త్రీ చినతాటిలంక వెళ్లి, ఆవిడ కుర్చీలో కూర్చుంటే చేతికందే ఎత్తున ఇటుకలతో పొయ్యి గట్టు కట్టి, దాని మీద కుండ బోర్లించి వచ్చాడు.

పరిశోధన ఏమైందంటారా? కొలమానం నడుము నిలబెట్టి నడిచిపోతుంటే వరహా విలువ పడిపోయి, నూటపన్నెండు మంది నొప్పీ మనిషికి నలభై వరహాల చొప్పున పెరిగిపోయింది. జిల్లాలో మోకాళ్ల నొప్పి ఉప్పెనలా వచ్చిపడిందని హయగ్రీవంగారు నివేదిక పంపారు. రెండో విడత మంజూరైంది. గుజ్జు సీసాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

మార్చి నెలాఖరున స్టాకు తనిఖీకి సుదర్శనరాజుగారని ఒక అధికారి వచ్చారు. ప్రతి వస్తువునూ కళ్లతో చూస్తే తప్ప టిక్కు పెట్టని మనిషి. మోకాలు ఆఫీసులో లేదు, క్షేత్రస్థాయిలో ఉందన్నాను. జీపు తీయమన్నారు.

మేం వెళ్లేసరికి వరహాలమ్మ ఎత్తు కుర్చీలో కూర్చుని గుడ్డ విసురుతోంది. గుడ్డ తగిలీ తగలకుండానే రేకు లేస్తోంది. పక్కనే పొట్టి పీట మీద బుల్లెమ్మాయి.

"సూసారాండీ?" అంది నాతో బుల్లెమ్మాయి. "నేను కిందా, ఆవిడ పైనా. రేకు సిరిగితే పైనుంచి సూసేత్తాంది!"

"పైనుంచి సూడక్కర్లేదే. నీ రేకు సిరిగితే సప్పుడు వీధిలోకి ఇనపడుద్ది" అంది వరహాలమ్మ.

సుదర్శనరాజుగారు గొంతు సవరించుకున్నారు. "పరికరము పనితీరు చూపవలెను."

వరహాలమ్మ చేతికర్ర లేకుండా లేచి, మూలకి నడిచి, నాలుగు కొబ్బరి మట్టలు తెచ్చి, వంగి పొయ్యిలో పెట్టి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆయన రిజిస్టరులో 'ఉన్నది. పనిచేయుచున్నది' అని రాసి టిక్కు పెట్టారు. తర్వాత తోటికోడళ్లిద్దరూ మర్యాదకి ఆయనకు ఖాళీగా ఉన్న ఇంకో పొట్టి పీట వేసి, నెయ్యీ బెల్లం చుట్టిన పూతరేకులు పెట్టారు. ఆయన కూర్చుని ఒకటి తిన్నారు, రెండు తిన్నారు, మూడు తిన్నారు. చెయ్యి కడుక్కుందామని లేవబోయారు. లేవలేకపోయారు. నేల మీద చెయ్యి ఆనించి మళ్లీ ప్రయత్నించారు. లోపలెక్కడో పటుక్కుమంది.

చివరికి నేనొక రెక్క, బుల్లెమ్మాయి ఇంకో రెక్క పట్టుకుని నిలబెట్టాం. ఆయన చుట్టూ చూసి, జీపు డ్రైవరు దూరంగా ఉన్నాడని రూఢి చేసుకుని, వరహాలమ్మ కుర్చీ దగ్గరికి వంగి, అధికార భాష అంతా కింద పడేసి, చిన్న గొంతుతో అడిగారు.

"ఏవమ్మా, ముప్పైఒక్కేళ్ల సర్వీసు నాది. ఆ రిజిస్టర్లో నాక్కూడా ఒక లైను రాయించగలవా?"

వరహాలమ్మ రేకు మడిచి పక్కన పెట్టి, ఆయన కాళ్ల వైపు ఎగాదిగా చూసింది.

"కుడిదాండీ, ఎడందాండీ? రెండూ అయితే ఫారాలు రెండు రాయాలండి."